అమ్మ ఎమ్మారైకి వెళ్లేలోపు

రవీ,

అమ్మకి నడుం ఎమ్మారై రాశారనీ, రేడియేషన్ అంటూ ఆవిడ బెంగ పెట్టుకుందనీ రాశావు. ముందు ఆ బెంగ తీర్చు. ఎక్స్‌రే, సీటీల్లో వాడే కిరణాలు ఇందులో లేవు. ఉన్నదల్లా పెద్ద అయస్కాంతం, రేడియో తరంగాలు. జాగ్రత్తంతా ఆ అయస్కాంతం దగ్గరే.

ఒంట్లో నీళ్లు, కొవ్వు ఉన్నచోటల్లా హైడ్రోజన్ ఉంటుంది కదా. దాని కేంద్రకం ప్రతిదీ బొంగరంలా తిరిగే చిన్న అయస్కాంతం లాంటిది. మిషన్ లోపల అవి రెండు దిక్కులకీ సర్దుకున్నా, ఒక దిక్కున కొద్దిగా ఎక్కువ ఉంటాయి. 1.5 టెస్లా (అయస్కాంత బలానికి కొలమానం) మిషన్ అయితే దాదాపు 64 మెగాహెర్ట్జ్ రేడియో తరంగం పంపి వాటిని పక్కకి వాలుస్తారు. తరంగం ఆపగానే మళ్లీ యథాస్థితికి వస్తూ సన్నటి సంకేతం ఇస్తాయి. నడుం కింద ఉన్న కాయిల్ దాన్ని పట్టుకుంటుంది. నీళ్లు ఒకలా, కొవ్వు ఒకలా తేరుకుంటాయి కాబట్టే బొమ్మలో తేడా కనిపిస్తుంది. వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్‌లో నీరుంటే టీ2 అనే రకం బొమ్మల్లో తెల్లగా, ఎండిన డిస్క్ నల్లగా పడుతుంది. రిపోర్టులో ‘డెసికేషన్’ అని ఉంటే ఈ ఎండడమే. వయసు మీద పడ్డవాళ్లలో మామూలే, ఆ మాట చూసి హడలిపోకండి.

1.5 టెస్లా అంటే భూమి అయస్కాంత శక్తికి సుమారు 30,000 రెట్లు. అయస్కాంతపు తీగచుట్టని ద్రవ హీలియంలో, మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంచుతారు. ఆ చలిలో తీగలో కరెంటు అడ్డు లేకుండా తిరుగుతూనే ఉంటుంది గనక స్కాన్ లేకపోయినా, బయట కరెంటు పోయినా అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. 2018లో ముంబైలో ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండర్‌తో ఆ గదిలోకి వెళ్లిన మనిషి ప్రాణమే పోయింది. తోడుగా వెళ్లే నువ్వు కూడా ఫోను, తాళాలు, బెల్టు బయటే వదిలెయ్యాలి.

బంగారం, వెండిని అయస్కాంతం లాగదు. అలాగని ఒంటిమీద ఉంచకూడదు. వేడెక్కుతాయి, దగ్గర్లో ఉంటే బొమ్మ కూడా పాడవుతుంది. మెట్టెలు, నల్లపూసలు, పిన్నీసులు, జడపిన్నులు, వినికిడి మిషన్, తీసి పెట్టుకునే పళ్లసెట్టు అన్నీ తీయాలి. మెట్టెలు బిగుసుకుపోయి ఉంటాయి, ముందురోజు రాత్రే సబ్బునీళ్లు రాసి లాగించు. పుస్తెలు తీయనంటే పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టి వేయండి, ఇబ్బంది ఉండదు. ఒంటికి అంటించుకునే మందు పట్టీలుంటే చెప్పాలి, కొన్నింటి వెనక లోహపు పొర ఉంటుంది.

ఇక ఒంటి లోపలివి. పేస్‌మేకర్, మెదడు రక్తనాళానికి వేసిన క్లిప్పు, చెవిలో ఇంప్లాంట్, స్టెంటు, మోకీలు మార్పిడి, ఏదున్నా పేపరు మీద రాసి చూపించాలి. చాలా స్టెంట్లకి, కృత్రిమ కీళ్లకి స్కాన్ చెయ్యొచ్చు. పాత పేస్‌మేకర్లు, పాత మెదడు క్లిప్పుల్లాంటివి ప్రమాదం. మోడల్ తెలియకుండా లోపలికి పంపరు, పంపకూడదు కూడా. లేత్, వెల్డింగ్ పని చేసినవాళ్లకి కంట్లో ఇనుపరజను ఉండిపోవచ్చు. నాన్నకి ఎప్పుడైనా స్కాన్ రాస్తే ఈ మాట మరిచిపోకు, ముందు కంటికి ఎక్స్‌రే తీస్తారు.

నడుంనొప్పికి మామూలుగా కాంట్రాస్ట్ ఇంజెక్షన్ (బొమ్మలో తేడా బాగా కనిపించడానికి ఇచ్చే మందు) అవసరం పడదు. ఇస్తామంటే అది గాడోలినియం అనే లోహం ఉన్న మందు, ఎక్కువ మందుల్లో కిలోకి 0.2 మి.లీ., అంటే అమ్మ 60 కిలోలుంటే 12 మి.లీ. షుగర్ ఉంది కాబట్టి కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష ముందే చేయించు. దాన్నిబట్టి లెక్కకట్టే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) 30 కంటే తక్కువుంటే ఇవ్వాలా వద్దా అని డాక్టర్లు ఆలోచించాలి.

లోపల పడుకున్నాక చేతులు కట్టుకోవద్దని, కాళ్లు మెలేసుకోవద్దని చెప్పు. చర్మానికి చర్మం తగిలితే కరెంటు చుట్టులా తిరిగి కాలే అవకాశముంది. ఎక్కడైనా చురుక్కుమంటే చేతిలో ఇచ్చే రబ్బరు బంతి నొక్కి పిలవాలి. మోకాళ్ల కింద దిండు అడగండి, నడుంనొప్పిలో వెల్లకిలా పడుకోడానికి అదే ఆసరా. ఢబఢబమనే చప్పుడు పక్కనున్న గ్రేడియెంట్ కాయిల్స్ అనే తీగచుట్టల అదురు, మిషన్ చెడిపోయి కాదు. చెవుల్లో ప్లగ్గులు తప్పకుండా పెట్టించు. చప్పుడు సాగే మూడు నాలుగు నిమిషాలూ కదిలితే ఆ వరస మొత్తం మళ్లీ తీయాలి. దగ్గయినా సర్దుకోడమైనా చప్పుడు ఆగినప్పుడే. ఇరుకు భయముంటే లోపలికి వెళ్లకముందే కళ్లమీద గుడ్డ వేయించు. మొత్తం 20-30 నిమిషాలు, వెళ్లే ముందు బాత్రూంకి పంపు. మత్తు ఇవ్వకపోతే టిఫిను, బీపీ మాత్ర మానక్కర్లేదు.

ఆవిడకి ఏ పాత ఆపరేషనైనా అయ్యుంటే డిశ్చార్జి కాగితాలు ఇప్పుడే వెతుకు. దొరక్కపోతే ఆ ఆసుపత్రికి ఈ వారమే ఫోన్ చెయ్యి.

నీ
మూర్తి