డి-28 జోలికి పోకు, ముందు ఇది చదువు

హైదరాబాద్,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ పంతులూ,

ఉత్తరం ఆలస్యమైంది, క్షమించు. ఇక్కడ అందరూ బాగానే ఉన్నారు, అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది, పిల్లాడి పరీక్షలు అయిపోయాయి, వీధిలో నీళ్ల ట్యాంకర్ల గోల మొదలైంది. వార్తలు ఇంతే. అసలు సంగతి నీ గిటార్. "డబ్బు సమకూరింది, మార్టిన్ డి-28 కొనేస్తున్నా, ఇక జన్మలో ఇంకోటి కొనను" అని రాశావు చూడు, ఆ మాట చదివిన దగ్గర్నుంచీ నాకు ఆగట్లేదు. ఒరేయ్, ఆగు. డి-28 వద్దు. యమహా ఎల్‌ఎల్6 తీసుకో. మిగిలిన డబ్బులో కొంచెం దాని సెటప్ మీద, అంటే తీగల ఎత్తూ మెడా సరిచేయించడం మీద, పెట్టు.

డి-28 గొప్పది కాదని ఎవరైనా అంటే వాళ్లతో నేనే దెబ్బలాడతాను. 1833 నుంచి గిటార్లు చేస్తున్న కంపెనీ అది. పెన్సిల్వేనియాలోని నజరెత్‌లో తయారవుతుంది. పైచెక్క సిట్కా స్ప్రూస్, వెనకా పక్కలా రోజ్‌వుడ్, అన్నీ ఒకే పొర అసలు చెక్క. 1969 దాకా బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడారు, తర్వాత ఈస్ట్ ఇండియన్ రోజ్‌వుడ్‌కి మారారు. అంటే మన ఇరుగుడు చెట్టు జాతే! దాని మంద్ర తీగలు మోగితే గుండెల దాకా వినిపిస్తుంది, స్వరం ఎంతసేపటికీ చావదు. కాదనను. కానీ ధర మూడు లక్షల పైమాట. ఎల్‌ఎల్6 లక్ష దరిదాపుల్లో వస్తుంది. మధ్యలో ఉన్న రెండు లక్షల పైచిలుకు దేనికి పోతోంది? వెనకా పక్కలా అసలు చెక్కకి కొంత, అమెరికా కూలికి కొంత, దిగుమతి సుంకానికి కొంత, పేరుకి కొంత. నీ పాటకి అందులో చేరేది ఎంత అన్నదే నా ప్రశ్న.

గిటార్ ధ్వనిలో పెద్ద వాటా పైచెక్కది. 12-53 సెట్టు (సన్న తీగ, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) బిగిస్తే ఆరు తీగలూ కలిపి దాదాపు 73 కిలోల బరువుతో బ్రిడ్జిని, అంటే పైచెక్క మీద తీగల కొసల్ని పట్టుకునే చెక్కని, లాగుతుంటాయి. అంత లాగుడునీ తట్టుకుంటూ, మూడు మిల్లీమీటర్ల మందం దరిదాపుల్లో ఉన్న ఆ పలక ఊగాలి. లోపల ఎక్స్ ఆకారంలో అతికించిన సన్నటి బద్దెలు దాన్ని నిలబెడతాయి. ఆ పలక ఒకే పొర చెక్క అయితే బాగా ఊగుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా తెరుచుకుంటుంది. పొరలు పొరలుగా జిగురుతో అంటించినదైతే బిగుసుకుపోయి ఉంటుంది, పదేళ్లకీ అదే గొంతు. ఎల్‌ఎల్6 పైచెక్క ఒకే పొర ఎంగిల్‌మన్ స్ప్రూస్. దాన్ని వేడి, తేమ, ఒత్తిడి అదుపులో పెట్టి ముందే పక్వం చేస్తారు, ఏ.ఆర్.ఇ. అంటారు ఆ పద్ధతిని. కాబట్టి అసలు మోగాల్సిన చోట నీకు లోటు లేదు.

వెనకా పక్కలా మాత్రం ఎల్‌ఎల్6 రోజ్‌వుడ్ పొరలదే. "అదంతా ప్లైవుడ్ సార్" అని దుకాణంలో చిన్నచూపుగా చెప్పారని రాశావు. నాకు చాలా కోపం వచ్చింది. ఒరేయ్, నువ్వుండేది విశాఖలో, సముద్రానికి ఎదురుగా! అసలు చెక్క నారకి అడ్డంగా తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. గిటార్‌కి హాయిగా ఉండే తేమ 45 నుంచి 55 శాతం. మీ ఊళ్లో వానాకాలంలో 80 దాటుతుంది. రాత్రి నువ్వు ఏసీ వేస్తావు, ఎండుతుంది. పొద్దున్నే కిటికీ తీస్తావు, మళ్లీ ఉబ్బుతుంది. తేమ ఎక్కితే పైచెక్క పొట్టలా లేస్తుంది, దాంతో తీగలు ఎత్తుకి పోతాయి, బ్రిడ్జి వెనక అంచు ఊడటం మొదలవుతుంది. మా హైదరాబాద్‌లో ఏప్రిల్ ఎండకి దీనికి తలకిందులు: పైచెక్క కుంగుతుంది, మెడ అంచుల్లో ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా బిగించిన లోహపు కడ్డీల) కొసలు పొడుచుకొచ్చి వేళ్లు గీరుకుంటాయి, మరీ ఎండితే చెక్క పగులుతుంది. అడ్డదిడ్డంగా పేర్చి అంటించిన పొరల చెక్క ఈ ఆటుపోట్లకి అంత కదలదు. మూడు లక్షల గిటార్‌ని భయపడుతూ పెట్టెలో దాచుకునేవాళ్లని తలుచుకుంటే బాధేస్తుందిరా. వాయించకుండా... సరే, అది వేరే కథ.

ఎల్‌ఎల్6 కొన్నా దాని పైచెక్క అసలుదే కాబట్టి జాగ్రత్త తప్పదు. గోడకి తగిలించకు. గట్టి పెట్టెలో పెట్టి మూత వెయ్యి, లోపల చిన్న తేమ మీటరు ఉంచు. తేమని ఇటు పీల్చి అటు వదిలి 49 శాతం దగ్గర నిలిపే ప్యాకెట్లు దొరుకుతాయి, కానీ మీ ఊరి వానల్లో అవి తొందరగా నిండిపోతాయి, ఆ నెలల్లో సిలికా జెల్ పెట్టు. వాయించాక తీగలు పొడిగుడ్డతో తుడువు, ఉప్పుగాలికి ట్యూనింగ్ కీలు కూడా తుప్పుపడతాయి.

ఇప్పుడు అసలైన ముక్క. చూపుడు వేలితో తీగల్ని అడ్డంగా నొక్కే ఎఫ్ కార్డ్ పట్టలేక చూపుడు వేలు నొప్పెట్టి వదిలేశానన్నావు గుర్తుందా? దానికి మందు డి-28లో లేదు, సెటప్‌లో ఉంది. ఏ వాతావరణంలోనైనా తీగ గరగరలాడకూడదని ఫ్యాక్టరీలు సాధారణంగా తీగల్ని కాస్త ఎత్తుగానే వదులుతాయి. ఖరీదైన వాటికీ చివరి సర్దుబాటు కావాలి. వరస మాత్రం తప్పకూడదు: ముందు మెడ, తర్వాత నట్ (మెడ పైకొసన తీగలు కూర్చునే గాళ్ల పట్టీ), చివర శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ).

మెడకి: మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి ఉంచే క్లిప్పు) పెట్టు, మెడ బాడీని కలిసే 14వ ఫ్రెట్ దగ్గర లావు తీగ నొక్కు. ఆరేడు ఫ్రెట్ల దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల సందు ఉండాలి, సందు కొలిచే పల్చటి రేకుల ఫీలర్ గేజ్‌తో చూడు. ఎక్కువుంటే మెడ లోపలి ఇనప కడ్డీ ట్రస్ రాడ్‌ని గడియారం ముల్లు దిశలో పావు చుట్టు తిప్పి, మళ్లీ ట్యూన్ చేసి, కాసేపాగి కొలువు. బిగుసుకుపోతే బలం చెయ్యకు, పనివాడికి ఇచ్చెయ్. ఇది వదిలేసి ముందు శాడిల్ అరగదీస్తే, తర్వాత మెడ సరిచేయగానే తీగలన్నీ ఫ్రెట్లకి తగిలి గరగరమంటాయి. అరిగిన శాడిల్ మళ్లీ పెరగదు కదా.

నట్‌కి: తీగని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి, మొదటి ఫ్రెట్ మీద సందు చూడు. పల్చటి కాగితం దూరేంత ఉంటే చాలు. ఎక్కువుంటే నీ ఎఫ్ కార్డ్ శత్రువు అదే. ఇంకో దుర్మార్గం కూడా చేస్తుంది: మొదటి మూడు ఫ్రెట్లలో తీగ ఎక్కువ సాగి స్వరం పైకి పోతుంది. ట్యూనర్‌లో అన్నీ సరిగ్గా ఉన్నా సి కార్డ్ చెవికి గుచ్చుకుంటోందని మొన్న రాసింది బహుశా ఇదే. నట్ గాడి మాత్రం నువ్వు ముట్టుకోకు. ఆ ఆకురాళ్లు వేరు, ఒక్క గీటు ఎక్కువ పడితే కొత్త నట్టే.

శాడిల్‌కి: 12వ ఫ్రెట్ దగ్గర ఎత్తు కొలువు. లావు తీగకి 2.4, సన్న తీగకి 1.8 మిల్లీమీటర్లు ఉంటే నీ వాయింపుకి సుఖం. లావు తీగ 3.0 ఉందనుకో, తగ్గాల్సింది 0.6. శాడిల్ కింద తీయాల్సింది దానికి రెట్టింపు, 1.2. ఎందుకంటే 12వ ఫ్రెట్ తీగకి సరిగ్గా సగంలో ఉంటుంది. చదునైన అద్దం మీద ఉప్పు కాగితం పరిచి, శాడిల్‌ని నిటారుగా పట్టి అడుగు వైపు రుద్దాలి. ఎల్‌ఎల్6లో శాడిల్ కిందే పికప్ (ధ్వనిని యాంప్ స్పీకరుకి పంపేది) ఉంది, అడుగు ఏమాత్రం వంకర పోయినా యాంప్‌కి తగిలించినప్పుడు ఒక తీగ అరుస్తుంది, ఒకటి మూగబోతుంది. శాడిల్ బ్రిడ్జి పైన కనీసం రెండు మూడు మిల్లీమీటర్లు కనబడుతూ మిగలాలి. ఫ్యాక్టరీలో పెట్టేది యూరియా ప్లాస్టిక్, దాని బదులు ఎముక శాడిల్ చేయించు, డి-28లో ఉండేదీ ఎముకే. అన్నట్టు మామూలు డి-28కి పికప్ ఉండదు. మీ కాలనీ వినాయక చవితికి దాన్ని ఎలా తగిలిస్తావు?

దుకాణంలో చూడాల్సినవి: ధ్వని రంధ్రం అంచు దగ్గర టార్చి వెయ్యి, పైన కనబడే నార గీతలు అంచు మందంలోకి కూడా దిగితే పైచెక్క అసలుది, పొరల గీతలు కనబడితే కాదు. పొడుగాటి స్టీలు స్కేలు ఫ్రెట్ల మీద పెట్టు, దాని కొస బ్రిడ్జి పైభాగాన్ని ఒరుసుకుంటూ పోవాలి. బాగా కిందకి వచ్చి బ్రిడ్జికి గుద్దుకుంటే మెడ కోణం తప్పినట్టు, అది చాలా ఖర్చు, ఆ గిటార్ వదిలెయ్. బ్రిడ్జి వెనక కాగితం దూర్చి చూడు, దూరకూడదు. ప్రతి తీగనీ ప్రతి ఫ్రెట్ దగ్గరా మోగించు, సిగ్గుపడకు. 12వ ఫ్రెట్ హార్మోనిక్ (తీగని నొక్కకుండా వేలు తాకించి మీటితే వచ్చే స్వరం), అక్కడే నొక్కిన స్వరం, రెండూ ట్యూనర్‌లో ఒకటే చూపించాలి.

డి-28 ఎప్పుడు సరైందో కూడా చెప్తాను. ఒంటరిగా, మంచి మైకు ముందు, వేళ్లతో మీటి రికార్డు చేసేవాళ్లకి ఆ తేడా స్పష్టంగా వినిపిస్తుంది. తిరిగి అమ్మినా దాని విలువ బాగా నిలుస్తుంది. నువ్వు ఇద్దరు ముగ్గురి పాట కింద కార్డులు వాయించేవాడివి, నీ పక్కన తబలా ఉంటుంది. అక్కడ ఆ తేడా ఎవరికి వినిపిస్తుంది?

అక్క డాలస్ నుంచి తెస్తే చవకన్నావు. విమానం కింది అరలో గాలి పొడి, దెబ్బల భయం, కస్టమ్స్ సుంకం. తెస్తే తీగలు కొంచెం వదులు చేసి, తల కింద మెత్తటి బట్ట పెట్టమను. కానీ వద్దు, ఇక్కడే నాలుగు వాయించి చూసి కొనుక్కో, ఒకే మోడల్లో కూడా ఒకటి ఇంకోదానిలా మోగదు.

తీగల సంగతి మర్చిపోయాను! మొదట 11-52 ఫాస్ఫర్ బ్రాంజ్ వేయించు, లాగుడు తగ్గి నీ వేలికి తేలిక. కానీ లాగుడు తగ్గితే మెడ వెనక్కి వంగి సందు మారుతుంది, కాబట్టి తీగలు మార్చాకే ట్రస్ రాడ్ కొలతలు. ఇంకా పిక్ మందం గురించి, కాపో ఎక్కడ పెట్టాలో కూడా... అయ్యో, బామ్మర్ది బ్యాగు సర్దేసుకున్నాడు, గోదావరి రైలుకి టైమైంది, ఇది వాడి చేతికే ఇస్తున్నా. బుధవారం లోపు డబ్బు కట్టకు, ఫోన్ చెయ్యి.

నీ
బుజ్జి