ఆ రాగి బిళ్ళకి బొమ్మ లేదు

ఎడిటర్ గారికి,

మొన్న విజయనగరం గంటస్తంభం దగ్గర పాత సామాన్లు అమ్మే ఒకతను ఓ రాగి బిళ్ళ నా చేతిలో పెట్టి "డచ్చి రాజుగారి కాసు బాబూ, భీమిలిలో దొరికింది, రెండు వేలు" అన్నాడు. తిప్పి చూశాను. రాజూ లేడు, రాణీ లేదు. ఒకవైపు కిరీటం పెట్టిన డాలు మీద సింహం, రెండోవైపు పెద్ద 'వి', దాని రెండు కొమ్మల మీద 'ఓ', 'సి', కింద 1790 అని సంవత్సరం. అది డచ్చి ఈస్టిండియా కంపెనీ గుర్తు.

భీమిలిలో ఆ కంపెనీ వ్యాపారం చేసిన రోజుల్లో డచ్చివాళ్ళు రాజు లేనివాళ్ళండీ, ఏడు రాష్ట్రాలు కలిసిన రిపబ్లిక్ అది, ఆరెంజ్ వంశం వాళ్ళు పెత్తనం చేసినా కిరీటం మాత్రం లేదు. కంపెనీ 1799తో మూతబడింది, ఆ వంశంలో మొదటి రాజు విలియం 1815లో వచ్చాడు. మధ్యలో నెపోలియన్ తమ్ముడు నాలుగేళ్ళు రాజుగా కూర్చున్నాడు, అది వేరే కథ.

అసలు సరదా రాజులొచ్చాకే మొదలైంది. బిళ్ళల మీద ఒకరి ముఖం ఎడమకి ఉంటే తర్వాతవారిది కుడికి. రాణి జూలియానా కుడికి, ఆవిడ కూతురు బియాట్రిక్స్ ఎడమకి, ఇప్పటి విల్లెం అలెగ్జాండర్ మళ్ళీ కుడికి. (మా నాయనమ్మ పెట్టెలో విక్టోరియా రూపాయి ఎడమకి, ఎడ్వర్డ్ రూపాయి కుడికి ఉండేవి, ఇంగ్లీషువాళ్ళదీ అదే అలవాటు.) జూలియానా తల్లి విల్హెల్మినా పదేళ్ళకే రాణి అయింది, తొలి బిళ్ళల మీద జుట్టు విరబోసుకున్న చిన్నపిల్ల, తర్వాత కిరీటంతో పడుచు, చివరికి పెద్దావిడ. ఆవిడ వయసు చిల్లరలోనే కనిపించేది. 1940లో జర్మన్లు దేశాన్ని పట్టుకున్నాక జింకు బిళ్ళలు వచ్చాయి, వాటి మీద రాణి లేదు. ఆవిడ లండన్‌లో ఉంది, అమెరికాలో కొట్టిన వెండి బిళ్ళల మీద మాత్రం ఆ ముఖం అలాగే నిలిచింది.

ఇంకోటి, అక్కడ రాణులు బతికుండగానే గద్దె దిగిపోతారు, 1948, 1980, 2013 మూడుసార్లూ అంతే. తల్లి ఇంట్లో ఉండగానే కొత్త బిళ్ళ మీద బిడ్డ బొమ్మ పడుతుంది. యూరో నోట్ల మీద ఏ రాజూ లేడు గానీ, వాళ్ళ యూరో బిళ్ళల మీద 2014 నుంచి విల్లెం అలెగ్జాండర్ ఉన్నాడు.

భీమిలి డచ్చి సమాధులు చూపించడానికి పిల్లల్ని తీసుకెళ్ళే మాస్టార్లు ఈ సంగతి కూడా చెప్తే బాగుంటుందని ఈ ఉత్తరం. నేను ఇందులో సగం చెప్పేసరికి ఆ అమ్మేవాడు "సరే బాబూ, రాజుగారు లేరన్నారు కదా, ఐదొందలు తగ్గిస్తాను" అన్నాడు.

- ఒక పాఠకుడు, విజయనగరం