తొలి కుట్లు పిల్లలనే ఎక్కించనివ్వండి

తల్లిదండ్రులకు నమస్కారం.

చేతిపనుల పీరియడ్‌లో ఐదో తరగతి పిల్లలు ఊలు అల్లిక మొదలుపెట్టారు. మామూలుగా సూది మీద తొలి కుట్లు పెద్దవాళ్లే ఎక్కించి, అల్లడం మాత్రం పిల్లలకు వదిలేస్తుంటారు. అలాగైతే పీరియడ్ చకచకా సాగిపోతుంది, నిజమే. కానీ కుట్లు ఎక్కించడం రాని పిల్లలు కొత్తది మొదలుపెట్టిన ప్రతిసారీ ఇంకొకరి కోసం ఎదురుచూడాల్సిందే. అందుకే ఆ పనీ వాళ్లకే అప్పగించాం.

ముందు ఊలుతో జారుముడి వేసి సూదికి తొడగాలి. అదే మొదటి కుట్టు, లెక్కలోకి వస్తుంది. (దాన్ని మరిచిపోయేవాళ్లే ఎక్కువ. 20 అనుకున్నచోట 21 తేలేది అందుకే.) తర్వాత దారాన్ని ఎడమ బొటనవేలికి చుట్టి, ఆ చుట్టులోకి కింది నుంచి సూది మొన దూర్చి, వేలు తప్పించి మెల్లగా లాగితే రెండో కుట్టు కూర్చుంటుంది. ఈ పద్ధతి నేర్చుకోవడం తేలికే గానీ, మొదటి వరుస అల్లేటప్పుడు కుట్ల మధ్య దారం సాగి విసిగిస్తుంది. చేయి తిరిగాక రెండు పోగులతో ఎక్కించే పద్ధతి నేర్పుతాం. దానికి అల్లిక వెడల్పుకు సుమారు మూడు రెట్ల దారం ముందే వదులుకోవాలి. తక్కువైతే చివరి కుట్ల దగ్గర దారం అయిపోతుంది, మొత్తం విప్పుకోవాలి.

అసలు తంటా బిగింపుతోనే. ఎక్కడ జారిపోతుందోనని పిల్లలు ఒక్కో కుట్టునూ బిగించేస్తారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, తీరా రెండో సూది దూర్చబోతే దూరదు. కుట్టు సూది మీద అటూ ఇటూ సులువుగా జరగాలి. చేయి మరీ బిగువైన వాళ్లను రెండు సూదులు జంటగా పట్టుకుని వాటి మీద ఎక్కించి, ఆ తర్వాత ఒక సూది లాగేయమంటున్నాం.

కొనేటప్పుడు 5 మిల్లీమీటర్ల సూదులు, మధ్యరకం మందమున్న నున్నటి ఊలు, అదీ లేత రంగులో తీసుకోండి. ముదురు రంగులోనూ, నూగు ఊలులోనూ కుట్టు కంటికి ఆనదు.

సగం కుట్లు జారిన సూది ఇంటికి వస్తే దయచేసి మీరు సరిచేసి పంపకండి. విప్పి మళ్లీ ఎక్కించుకోవడం వాళ్లకు తెలుసు. పిల్లలది ఎడమచేతి వాటమైతే మాత్రం పక్కన కాదు, ఎదురుగా కూర్చుని చూపించండి. సంచిలో పెట్టే ముందు సూది మొనలకు రబ్బరు తొడుగులు వేయించడం మరవకండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు