వార్షిక నివేదిక: పిచ్చి గురించి చదువుకున్న ఏడాది

గౌరవ సభ్యులకు నమస్కారం.

పరాయి పాలన చూసిన దేశాల కథల్లో, నవలల్లో మతి చలించినవాళ్లను ఎలా చిత్రించారో ఏడాది పొడవునా చదవాలని మన పఠన సంఘంలో గత ఉగాదికి తీర్మానించుకున్నాం. కోనసీమలో కూర్చుని కొబ్బరి ధర మాట్లాడుకోక ఈ పిచ్చి గొడవ మనకెందుకని కోశాధికారి గారు అప్పుడే అడ్డుపడ్డారు. ఆ తర్వాత ఒక్క సమావేశమైనా మాననిది ఆయన ఒక్కరే. పన్నెండింటిలో పది జరిగాయి. వరద నెలలో ఒకటి, కోతల్లో ఒకటి రద్దయ్యాయి.

మొదట ఉర్దూ రచయిత మంటో కథ 'తోబా తేక్ సింగ్' తెలుగు అనువాదాన్ని జిరాక్సు తీయించి పంచాం. దేశ విభజన జరిగిన రెండు మూడేళ్లకు ఖైదీలను మార్చుకున్నట్టే పిచ్చాసుపత్రుల్లో ఉన్నవాళ్లనూ మార్చుకోవాలని రెండు ప్రభుత్వాలు నిర్ణయించడం కథ. పదిహేనేళ్లుగా నిలబడే ఉన్న బిషన్ సింగ్ తన ఊరు తోబా తేక్ సింగ్ ఏ దేశంలో ఉందని అడుగుతాడు. ఎవరూ తిన్నగా చెప్పరు. చివరికి రెండు ముళ్లకంచెల మధ్య, ఏ పేరూ లేని నేల మీద బోర్లా పడిపోతాడు. మంటో స్వయంగా లాహోరు పిచ్చాసుపత్రిలో కొంతకాలం ఉన్నవాడు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు తాను తూర్పు గోదావరిలో పడుకుని కోనసీమ జిల్లాలో లేచానని ఒక సభ్యుడు నవ్వించారు. పోలిక సరదాకి బాగానే ఉంది. మనల్ని మాత్రం ఎవరూ లారీ ఎక్కించలేదు.

ఫ్రాంజ్ ఫానన్ పుస్తకం 'ది రెచెడ్ ఆఫ్ ది ఎర్త్' దగ్గర వాదన ముదిరింది. మార్టినిక్‌లో పుట్టిన ఈ మనోవైద్యుడు 1953లో ఫ్రెంచి పాలనలో ఉన్న అల్జీరియాలోని బ్లిడా పిచ్చాసుపత్రిలో చేరి, 1956లో రాజీనామా చేశాడు. 1961 నాటి ఈ పుస్తకంలో చిత్రహింసలు పడినవాళ్ల గురించే కాదు, పెట్టినవాళ్ల గురించీ రాశాడు. ఒక పోలీసు అధికారి ఇంటికెళ్లి భార్యాపిల్లల్ని కొడుతుంటాడు. ఉద్యోగం మానకుండా, మనసు పీకకుండా చిత్రహింసలు పెట్టే పని చేసుకునేలా సాయం చేయమని వైద్యుణ్ణి అడుగుతాడు. ఇది చదివాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత రైతు సభ్యుడొకరు లేచి, "1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొర పటానికి మనం దండలేస్తాం. మనకు దొర అంటే నీళ్లు. ఈ పుస్తకాలు మనకెలా అతుకుతాయి?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. కాలువలు తవ్విన పాలనే 1912లో పిచ్చివాళ్ల కోసమని లూనసీ చట్టమూ చేసిందని, స్వాతంత్ర్యం వచ్చాక కూడా 1987లో కొత్త చట్టం చేసేదాకా మనకు అదే దిక్కయిందని లెక్చరర్ గారు జవాబిచ్చారు. రైతు గారు తృప్తిపడలేదు. నేనూ పూర్తిగా పడలేదు.

ఈ ఏడాది మొత్తంలో నాకు మిగిలింది జీన్ రీస్ నవల 'వైడ్ సర్గాసో సీ' చదివిన రోజు. 1847 నాటి ఇంగ్లీషు నవల 'జేన్ ఐర్'లో మేడ మీది గదిలో తాళం వేసి ఉంచిన పిచ్చి భార్య ఉంటుంది. అందులో ఆమెకు అరుపులే గాని మాటలు లేవు. కరీబియన్ దీవుల్లో పుట్టిన రీస్ 1966లో ఆ భార్య కథను మొదటి నుంచీ చెప్పింది. ఆమె అసలు పేరు ఆంట్వనెట్. మొగుడు ఆ పేరు తీసేసి బెర్తా అని పిలవడం మొదలుపెడతాడు.

అప్పటిదాకా వెనక బెంచీలో మౌనంగా ఉన్న ఒక సభ్యురాలు సంచిలోంచి ఇత్తడి బిందె తీసి బల్ల మీద పెట్టారు. వాళ్ల పెరటి గదిలో నాయనమ్మ చెల్లెలు ఉండేదట. తలుపు కింద సందులోంచి కంచం లోపలికి తోసేవారట. పిల్లలందరికీ ఆమె పిచ్చి మామ్మే. పోయినప్పుడు కూడా పేరెవరికీ గుర్తు రాలేదు. మన సమావేశాల తర్వాత అటక దింపి వెతికితే, సారెలో వచ్చిన ఈ బిందె అంచున పేరు కొట్టించి ఉంది. చింతపండుతో తోమి తెచ్చారు. అక్షరాలు ఒక్కొక్కరం వేలితో తడిమి చదివాం. ఆ పేరు నివేదికలో రాయవద్దని ఆమె కోరారు, రాయడం లేదు.

దీని తర్వాత 'పిచ్చి' అనే మాటనే సంఘంలో నిషేధించాలని ఒక తీర్మానం వచ్చింది, వీగిపోయింది. పిచ్చితల్లీ అని బిడ్డను ముద్దుచేసే భాష మనది, సినిమా పిచ్చి, పుస్తకాల పిచ్చి ఎక్కడికి పోతాయని విశ్రాంత తెలుగు మాస్టారు వాదించారు. ఎదురుగా లేని మనిషికి ఆ మాటే పేరుగా పెట్టకూడదని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. మినిట్స్ పుస్తకంలో అలాగే రాశాం.

గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'కు ఒక్క పూటే దొరికింది. సీతారామారావుది జబ్బా, వంశ ప్రతిష్ఠ మోయలేని కుంగుబాటా అన్నది తేలకుండానే కరెంటు పోయింది.

డిసెంబరులో ఒక వైద్యురాలు వచ్చి మాట్లాడారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం రోగిని గొలుసులతో కట్టడం నేరమని, మనసు బాగోలేనప్పుడు ప్రభుత్వ ఉచిత టెలీ మానస్ సహాయానికి 14416కు ఫోను చేయవచ్చని చెప్పారు. ఆ నంబరు నోటీసు బోర్డు మీద రాయించాం. వానకు కొంత చెరిగింది, మళ్లీ రాయించాలి.

ఖర్చులో ఎక్కువ భాగం పుస్తకాలకు, జిరాక్సుకు, కాఫీలకు పోయింది. లెక్కలు కోశాధికారి గారి దగ్గర చూసుకోవచ్చు. వచ్చే ఏడాది దక్షిణాఫ్రికాలో పుట్టిన రచయిత్రి బెస్సీ హెడ్ 1973 నవల 'ఎ క్వశ్చన్ ఆఫ్ పవర్'తో మొదలుపెడదామని ప్రతిపాదన. తెలుగులో చెప్పడానికి లెక్చరర్ గారు ఒప్పుకున్నారు. మంటో కథ జిరాక్సు ప్రతులు ఇంకా నాలుగు తిరిగి రావాలి.

కార్యదర్శి