అమ్మ కీళ్ళ గురించి, నా కణాల గురించి

తిరుపతి,
ఆదివారం

ఒరే మామా,

అమ్మకి కీళ్ళవాతం ఇప్పుడెలా ఉంది? పొద్దున్నే వేళ్ళు ముడవలేక కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటోందని చెప్పావు చూడు, అదే కళ్ళ ముందు ఆడుతోంది. ఫోన్ పెట్టేసే ముందు నువ్వన్న మాట కూడా. "ఇన్నేళ్ళుగా ఆ తెల్లకణాల వెనకే తిరుగుతున్నావు కదరా, అవి కీళ్ళలోకి పోకుండా ఆపే మందొకటి చేయలేకపోయావా?" నవ్వుతూనే అన్నావులే. ఫోన్‌లో జవాబు చెబితే నువ్వు మధ్యలో స్కోరెంత అని అడుగుతావు. అందుకే కాగితం మీద పెడుతున్నా.

ముందే చెప్పేస్తా. ఆపడం తెలుసు మామా. ఆపితే ఏమవుతుందో కూడా తెలుసు. చిక్కంతా అక్కడే.

అసలు ఆ కణాలు రక్తంలోంచి బయటికెలా వస్తాయో నీకెప్పుడూ సరిగా చెప్పలేదు. హాస్టల్ రోజుల్లో మనం రన్నింగ్ బస్సు దిగేవాళ్ళం గుర్తుందా? ఒక్కసారిగా దూకితే మూతి పళ్ళు రాలతాయి. కడ్డీ పట్టుకుని, వేగం తగ్గేదాకా చూసి, కాలు ఆనించి నాలుగడుగులు దాంతోపాటే పరిగెత్తి, అప్పుడు చెయ్యి వదలాలి. న్యూట్రోఫిల్ అనే తెల్లకణం చేసేదీ దాదాపు అదే. రక్తం జోరుగా పోతుంటుంది. దెబ్బ తగిలిన చోట రక్తనాళం లోపలి గోడ మీద సెలెక్టిన్ అనే ప్రోటీన్లు మొలుస్తాయి. కణం వాటికి తగులుకుంటూ, వదులుతూ గోడ వెంట దొర్లుతుంది. ఇంతలో కీమోకైన్లు అనే రసాయన సంకేతాల నుంచి 'ఇక్కడే' అని కబురు అందుతుంది. వెంటనే తన ఒంటి మీదున్న ఇంటెగ్రిన్లు అనే పట్టు ప్రోటీన్లతో గోడని గట్టిగా పట్టేసి ఆగుతుంది. ఆ తర్వాత గోడలోని కణాల సందులోంచి దూరుతుంది.

ఆ దూరడం చూడాలి మామా! న్యూట్రోఫిల్ కేంద్రకం మామూలు కణాల్లోలా గుండ్రంగా ఉండదు, మూడు నాలుగు తమ్మెలుగా ఉంటుంది. సందులోకి ముందు సన్నటి కాలొకటి చాపుతుంది. వెనకే ఒక తమ్మె జారుతుంది, ఆగుతుంది, ఇంకో తమ్మె జారుతుంది. ఒంట్లో సగం లోపల, సగం బయట. కాసేపటికి మొత్తం అవతల తేలుతుంది, ఏమీ జరగనట్టు నడక మొదలుపెడుతుంది. నిమిషానికి పది మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది ఆ నడక. అంటే నీ తలవెంట్రుక మందం దాటడానికి పది నిమిషాలు పట్టొచ్చు. బతికున్న రక్తనాళంలో ఇది నేను మొదటిసారి చూసింది విదేశంలో, పీహెచ్‌డీ అయ్యాక పోస్ట్‌డాక్ చేస్తున్నప్పుడు. ఆ రాత్రి మైక్రోస్కోప్ గదిలోంచి బయటికి రాబుద్ధి కాలేదు. నా ముచ్చటేముందిలే, జర్మనీలో కోన్‌హైమ్ అనే ఆయన 1867లోనే కప్ప పొట్టలోని పల్చటి పొరని పరిచి ఇదంతా చూసి రాసిపెట్టాడు.

ఇప్పుడు నీ ప్రశ్నకొస్తా. ఆ ఇంటెగ్రిన్ పట్టు పుట్టుకతోనే లేని పిల్లలుంటారు. చాలా అరుదు. ఆ పట్టుకి కావాల్సిన సీడీ18 అనే ప్రోటీన్ సరిగా తయారుకాదు. రక్తపరీక్ష చేస్తే తెల్లకణాలు విపరీతంగా కనిపిస్తాయి, కానీ అవి బయటికి సరిగా రాలేవు. పుండు పడితే చీము పట్టదు, మానదు. బొడ్డు తాడు కూడా వారాల తరబడి ఊడదు, ఎందుకంటే అది ఊడటానికీ ఈ కణాలే రావాలి. జబ్బు తీవ్రంగా ఉంటే ఎముక మజ్జ మార్పిడి దాకా పోవాల్సి వస్తుంది. చీము పట్టిందంటే మనం మొహం చిట్లిస్తాం. చీము పట్టని పిల్లల గురించి చదివాక నాకు దాని మీద గౌరవం పెరిగింది.

మందుతో ఆపి చూశారు కూడా. నాటలిజుమాబ్ అని ఒకటుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బులో రోగనిరోధక కణాలు మెదడులోకి దూరకుండా ఒక రకం ఇంటెగ్రిన్‌ని మూసేస్తుంది. బ్రహ్మాండంగా పనిచేసింది. 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది, 2005లో వెనక్కి తీసుకున్నారు. కాపలా కణాలు రాకపోయేసరికి కొందరి మెదడులో జేసీ వైరస్ విజృంభించింది. 2006లో గట్టి షరతులు పెట్టి మళ్ళీ వాడకంలోకి తెచ్చారు. తలుపు మూసేస్తే దొంగతోపాటు డాక్టరూ బయటే ఉండిపోతాడు మరి.

నీ చెయ్యి విరిగినప్పుడు పుత్తూరు కట్టుకి తీసుకుపోయాం కదా, ఆ దారంతా వాచిన మణికట్టు చూసుకుంటూ నువ్వు పెట్టిన బొబ్బలు నా చెవుల్లో ఇంకా ఉన్నాయి. ఎరుపు, వేడి, వాపు, నొప్పి. రోమన్ రచయిత సెల్సస్ దాదాపు రెండు వేల ఏళ్ళ కింద లెక్కపెట్టిన నాలుగు లక్షణాలూ నీ చేతిలోనే కనిపించాయి. విరిగిన ఎముక దగ్గర గడ్డకట్టిన రక్తంలోకి మొదట పరిగెత్తుకొచ్చేది ఈ న్యూట్రోఫిల్సే, వెనకే మాక్రోఫేజ్‌లు, అంటే చచ్చిన కణాల్ని, చెత్తని తినేసే కణాలు. అవి వచ్చి మొదలుపెడితేనే ఎముక అతుక్కునే పని సాగుతుంది. అంటే వాపు రావడం తప్పు కాదు, వచ్చి కూర్చుని పోకపోవడం తప్పు. అమ్మ కీళ్ళలో జరుగుతున్నది ఆ రెండోది.

నా పని కూడా మెల్లగా అటే తిరిగింది. వచ్చిన కణాలు ఎటు పోతాయి? మా మేష్టర్ల కాలంలో జవాబు సులువు: అక్కడే చచ్చిపోతాయి, మాక్రోఫేజ్‌లు తినేస్తాయి. అది నిజమే. అలా తిన్నాక మాక్రోఫేజ్ తీరు మారి, వాపుని తగ్గించే సంకేతాలు వదులుతుంది. కానీ 2006లో విస్కాన్సిన్‌లో అన్నా హట్టెన్‌లాకర్ బృందం జీబ్రా చేప పిల్లల్లో చూస్తే, కొన్ని న్యూట్రోఫిల్స్ గాయం దగ్గరికొచ్చి, పని చూసుకుని, వచ్చిన దారినే వెనక్కి పోతున్నాయి. ఆ వీడియో చూశాక నేను దారి మార్చాను.

ఈ చేప మన దేశపు వాగుల్లో, పొలం కాలవల్లో బతికేదే. విదేశీ ల్యాబుల్లో పేరు తెచ్చుకుని తిరిగొచ్చింది, కొంచెం నా టైపు. పిల్లగా ఉన్నప్పుడు ఒళ్ళు అద్దంలా ఉంటుంది. తోక అంచు కొంచెం కోస్తే, ఆకుపచ్చగా మెరిసేలా ల్యాబులో మార్చిన న్యూట్రోఫిల్స్ అటు మళ్ళడం సూటిగా చూడొచ్చు. కోసిన చోట హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. మెడికల్ షాపులో పుండు కడగడానికి కొంటామే, నురగొచ్చే మందు, అదే. ఆ వాసన పట్టుకుని కణాలొస్తాయని 2009లో తేలింది. అసలు ఈ విద్యకి మూలపురుషుడు, రష్యన్ శాస్త్రవేత్త మెచ్నికాఫ్ కూడా అద్దం లాంటి జీవినే పట్టుకున్నాడు. 1882లో సిసిలీలోని మెస్సీనాలో ఇంట్లోవాళ్ళందరూ సర్కస్‌కి పోతే, ఈయన ఒక్కడే కూర్చుని స్టార్‌ఫిష్ పిల్లలో గులాబీ ముల్లు గుచ్చాడు. పొద్దున చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగున్నాయి. 1908లో నోబెల్ ఇచ్చారు.

చేపల నీళ్ళు 28.5 డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెలలో తిరుపతి సంగతి నీకు చెప్పాలా? బయట నలభై దాటుతుంది. కరెంటు పోతే మా ల్యాబు స్టూడెంట్లు చదువు వదిలేసి, నీళ్ళు చల్లబరిచే చిల్లర్ దగ్గరికి పరిగెత్తుతారు. జనరేటర్ అందుకునేదాకా నాకు టెన్షనే. చేపలకి ఏసీ, స్కాలర్లకి నెలల తరబడి రాని ఫెలోషిప్పు. ఎవరి వల్ల అనేది రాయడం ఎందుకులే, ఉత్తరం పాడవుతుంది. ఆ డబ్బుల కోసం రాసిన కాగితాలు పేరిస్తే అలిపిరి మెట్లంత పొడుగొస్తాయి.

ఇక అమ్మ రిపోర్టు. స్టెరాయిడ్ మొదలుపెట్టాక తెల్లకణాలు పెరిగాయని కంగారుపడ్డావు కదా. మామూలుగా న్యూట్రోఫిల్స్‌లో సగం వరకు రక్తనాళాల గోడలకి అతుక్కుని ఉంటాయి, సూదికి దొరకవు. స్టెరాయిడ్ పడగానే పట్టు వదిలి రక్తంలోకి తేలతాయి, మజ్జలోంచి కూడా ఎక్కువ వస్తాయి. లెక్క పెరుగుతుంది. అయినా జ్వరమో, దగ్గో ఉంటే మాత్రం 'స్టెరాయిడ్ వల్లే' అని నువ్వే తీర్పిచ్చెయ్యకు, డాక్టర్‌కి చూపించు.

రాసిచ్చిన మెథోట్రెక్సేట్ కథ నీకు నచ్చుతుంది. ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌కి అడ్డుపడే ఆ మందు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ కంపెనీలో నడిపిన పరిశోధనల్లోంచి వచ్చింది. దాంతోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసిందీ ఆయన బృందమే. 1948లో పోయాడు పాపం. కీళ్ళవాతానికి అమెరికాలో అనుమతి దొరికింది 1988లో. ఆ వాడకం ఆయన చూడలేదు. కీళ్ళ జబ్బుకి వాడే చిన్న డోసులో అది కణాల తలుపు మూసెయ్యదు, వాటి ఆవేశాన్ని తగ్గిస్తుంది. ఇన్నేళ్ళ చదువు తర్వాత నాకు నచ్చే పద్ధతి అదే.

ఒక్క విషయం గట్టిగా పట్టుకో. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది, అలా జరిగిన కేసులున్నాయి. అమ్మకి బీపీ మాత్రల డబ్బా ఉంది కదా, అందులో కలపొద్దు. వేరే డబ్బాలో పెట్టి, మూత మీద వారం పేరు నువ్వే పెద్ద అక్షరాలతో రాయి. ఫోలిక్ యాసిడ్ ఏ రోజు వెయ్యాలో డాక్టర్ని అడిగి అదీ రాయి. లివరు, రక్తం పరీక్షలు ఎప్పుడు చేయించమంటే అప్పుడు చేయించు, 'బాగానే ఉంది కదా' అని మానెయ్యొద్దు. కొత్త రిపోర్టు రాగానే ఫోటో తీసి పంపు.

నీ పాత రూమ్మేటు