మద్రాసు విశ్వవిద్యాలయంలో పోర్చుగీసు కోర్సు కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

అడ్మిషన్ల హడావిడి మొదలైంది. ఎక్కడ చూసినా ఫ్రెంచి, జర్మన్, జపనీస్ కోర్సుల ప్రకటనలే. మద్రాసు విశ్వవిద్యాలయం పోర్చుగీసు భాషనూ, ఆ భాష మాట్లాడే దేశాల సంస్కృతినీ కలిపి నేర్పే పూర్తిస్థాయి కోర్సు పెట్టాలని నా కోరిక. చెన్నైలోని తెలుగువాళ్లం దీన్ని గట్టిగా అడగాలి.

మనకి పోర్చుగీసుతో ఏం పని అంటారా? శ్రీకృష్ణదేవరాయలు చూడ్డానికి ఎలా ఉండేవారో మనకి చెప్పింది 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పాయెస్. మధ్యస్థమైన ఎత్తు, మంచి రంగు, కాస్త ఒళ్లున్న మనిషి, ముఖం మీద స్ఫోటకం మచ్చలు అని రాశాడు. రాయలవారు తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, అదే నూనె ఒళ్లంతా పట్టించుకుని, బరువులెత్తి, ఆ నూనంతా చెమటగా కారిపోయేదాకా కత్తి తిప్పి, కుస్తీ పట్టి, ఆపైన గుర్రమెక్కేవారట. పాయెస్ తర్వాత పదిహేనేళ్లకి వచ్చిన గుర్రాల వ్యాపారి నూనిజ్ రాతలో రాయలవారు తన మంత్రి తిమ్మరుసు కళ్లు తీయించిన సంగతి ఉంది. అది నిజమా కాదా అని మనం ఇప్పటికీ వాదించుకుంటాం. వాదించేవాళ్లలో ఆ మాటల్ని మూలంలో చదివినవారు ఎందరు? పోర్చుగీసు పాఠం 1897లో లిస్బన్‌లో అచ్చయింది. మన చేతిలో ఉన్నది మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన రాబర్ట్ సూయెల్ 1900లో ప్రచురించిన ఇంగ్లీషు అనువాదం. ఆయన చేసిన మేలు చిన్నది కాదు. కానీ ఇన్ని తరాలుగా మనం ఆయన భుజాల మీద నుంచే చూస్తున్నాం.

ఇటుపక్క సాక్ష్యం మన ఊళ్లోనే ఉంది. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి మెకంజీ ఊరూరా రాయించి పోగుచేసిన కైఫియత్తులు, అంటే ఊళ్ల స్థానిక చరిత్రలు, ఇక్కడి ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖ ఉంది, చరిత్ర శాఖ ఉంది. కైఫియత్తునీ పోర్చుగీసు రాతనీ ఒకే బల్ల మీద పెట్టుకుని సరిచూడగల విద్యార్థి మాత్రం తయారు కావడం లేదు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన నాకు ఇది నిజంగా బాధ కలిగిస్తుంది.

మన చెన్నైలోని శాంథోమ్ 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ల పట్నం. 1662లో గోల్కొండ సైన్యం పట్టుకునేదాకా వాళ్లదే. లజ్ చర్చి శాసనం మీద 1516 అన్న ఏడాది కనిపిస్తుంది. సెల్ఫీలు తీసుకునేవాళ్లకి కొదవలేదు, చదివి చెప్పేవాళ్లే లేరు.

పాత సంగతులు వదిలేద్దాం. బ్రెజిల్‌లో పశువులు 20 కోట్లకు పైమాటే. అక్కడ మాంసం కోసం పెంచే పశువుల్లో అత్యధికం ‘నెలోర్’ జాతివి. ఆ పేరు మన నెల్లూరుదే, ఆ జాతి మన ఒంగోలు గిత్త సంతతే. వంశావళి రాసిపెట్టుకోవడం దగ్గర్నుంచి మేలురకం ఎద్దుల ఎంపిక దాకా వాళ్లు ఎంతో శ్రద్ధగా చేశారు. బ్రెజిల్‌లోని ఉబెరాబా నగరం కేంద్రంగా జరిగిన ఆ కృషిలో చాలా భాగం రాతపూర్వకంగా ఉన్నది పోర్చుగీసులోనే. ఒంగోలు జాతి తగ్గిపోతోందని దిగులుపడే మన పశువైద్య విద్యార్థులు అది చదవొద్దా?

మా అక్క మనవరాలు ఉద్యోగానికి పనికొస్తుందని ఒక ప్రైవేటు కాలేజీలో పోర్చుగీసు సర్టిఫికెట్ కోర్సులో చేరింది. పలకరింపులు, హోటల్లో భోజనం ఆర్డరివ్వడం అయ్యాయో లేదో మాస్టారు మానేశారు. ఆయన స్థానంలో ఇంకొకరు రాలేదు, ఫీజూ తిరిగి రాలేదు. ఆ పిల్ల టెన్షన్ చెప్పనక్కర్లేదు. ఇలాంటి చదువు కాదు నేను అడుగుతున్నది. బ్రెజిల్, అంగోలా, మొజాంబిక్, పోర్చుగల్ ఒక్కో దేశానిది ఒక్కో తీరు. వాటి చరిత్ర, సాహిత్యం, వలసపాలన మిగిల్చిన గాయాలు తెలియకుండా భాష ఒంటపట్టదు. పోర్చుగీసు పాలనలో గోవాలో జరిగిన మతవిచారణల (ఇంక్విజిషన్) క్రూరత్వాన్నీ దాచకుండా చెప్పాలి.

ఉన్న అధ్యాపక పోస్టులే ఖాళీగా ఉంటే కొత్త కోర్సుకి డబ్బెక్కడిదంటారు. న్యాయమైన ప్రశ్నే. అయితే విదేశీ విశ్వవిద్యాలయాల్లో పోర్చుగీసు బోధనకి పోర్చుగల్ ప్రభుత్వ సంస్థ కామోయిష్ సాయం చేస్తుంది. గోవా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. దాకా ఈ చదువుంది, ఢిల్లీలోనూ నేర్పుతున్నారు. వాళ్లతో మాట్లాడి, మొదట తెలుగు, చరిత్ర శాఖల పీజీ విద్యార్థులకి క్రెడిట్లున్న ఐచ్ఛికంగా పెట్టొచ్చు. రెండో ఏడాది నుంచి పాత చేతిరాతలు చదవడం కూడా నేర్పాలి, లేకపోతే పాత దస్తావేజుల జోలికి వెళ్లలేరు.

చెన్నైలో తెలుగు సంఘాలకి కొదవలేదు. ఉగాదికి సన్మానాలకయ్యే ఖర్చులో కొంత తగ్గించుకుని, ఏటా ఒక విద్యార్థిని గోవా పురాలేఖ భాండాగారానికి పంపే స్కాలర్‌షిప్ పెట్టమని వాళ్లనీ కోరుతున్నాను.

ఇట్లు
విశ్రాంత చరిత్ర అధ్యాపకురాలు,
మైలాపూర్, చెన్నై.