ఆ ప్రశ్నార్థకం

చిన్నీ,

రెండు సెక్షన్ల మిడ్ పేపర్లు దిద్దేసరికి చెయ్యి పడిపోయిందని, తీరా ఇస్తే పిల్లలు టోటల్ చూసుకుని "మేడమ్, ఒక్క మార్కు కలపండి" అన్నారే తప్ప లోపల రాసింది ఒక్కరూ చదవలేదని నిన్న ఫోన్లో వాపోయావు. వాళ్లనేం అనకు. మార్కు కనబడ్డాక ఇక పేజీ తిప్పేదెవరు?

1988లో రూత్ బట్లర్ అనే ఆవిడ ఇజ్రాయెల్లో ఐదు, ఆరు తరగతుల పిల్లలతో ఇదే పరీక్షించి చూసింది. కొందరికి మార్కులే ఇచ్చింది, కొందరికి వ్యాఖ్యలే, మిగతావాళ్లకు రెండూ. మెరుగుపడింది వ్యాఖ్యలే అందినవాళ్లు. రెండూ అందుకున్నవాళ్లు మార్కులవాళ్లలాగే ఉండిపోయారు. వాళ్లు బడిపిల్లలు, నీవాళ్లు బీటెక్ అంటావేమో. మార్కు కోసం బతిమాలడంలో ఏం తేడా ఉందిలే!

మీ హెచ్‌ఓడీని ఒక మాట అడిగి, ఈసారి మార్కులు నీ దగ్గరే రాసిపెట్టుకో. ముందు పేపర్లు ఇవ్వు, రెండ్రోజులాగి మార్కులు చెప్పు.

"ఇంకా బాగా రాయాలి" అని మాత్రం రాయకు. ముప్పై ఏళ్లు నేను రాసింది అదే. ఎమ్మెస్సీలో నా డెరివేషన్ పక్కన మా మాస్టారు ఎర్ర సిరాతో ప్రశ్నార్థకం పెట్టారు. అడగడానికి భయం. ఎందుకు పెట్టారో ఇవాళ్టికీ తెలియదు. తర్వాత నేనూ అలాంటివి ఎంతమందికి పెట్టానో.

నీ సబ్జెక్టులోనే, దూలం మీద బరువులు పడే లెక్కలే చూడు. "రియాక్షన్లు సరిగ్గా వచ్చాయి. షియర్ ఫోర్స్ డయాగ్రమ్‌లో పాయింట్ లోడ్ దగ్గర గీత నిట్టనిలువుగా దిగాలి, నువ్వు వాలుగా గీశావు. మూడో లెక్క మళ్లీ గీసి తీసుకురా." ఇంత చాలు. ఏం వచ్చిందో, ఎక్కడ తప్పిందో, ఇప్పుడేం చేయాలో వాడికి తెలుస్తుంది. అందరికీ ఇలా రాయడం నీ వల్ల కాదు, నాకు తెలుసు. సగం మంది చేసే తప్పు ఒకటే ఉంటుంది. దాన్ని బోర్డు మీద ఒకసారి చేసి చూపించి, పేపర్లో చిన్న గుర్తు పెట్టు. ఏదైనా రెండో మిడ్‌కి ముందే అందాలి. సెమిస్టర్ అయ్యాక ఇస్తే పెళ్లయ్యాక చేరిన శుభలేఖే.

ఆదివారం వస్తే ఆ కట్ట ఇక్కడికే తెచ్చుకో. అమ్మ పులిహోర చేస్తానంది. టోటళ్లు నేను కూడతాను, దిద్దేది మాత్రం నువ్వే.

నాన్న